తాళం మామయ్య దగ్గరుంది

ఇల్లందులో ఒక కాలనీ కమ్యూనిటీ హాలు ఉంది. దాని తాళంచెవి రిటైరైన కార్మికుల సంఘం తరఫున ఒక పెద్దాయన మొలతాడుకు వేలాడుతుంటుంది. ఆయన బొగ్గుబాయిలో వయసంతా ధారపోసినవాడు. కుర్రతనంలో సాంస్కృతిక దళంతో కాలికి గజ్జె కట్టి ఊరూరా ఆడినవాడు. ఆయన మేనకోడలు ఉద్యోగం మీద కొన్నేళ్ళు ఇంగ్లండులో ఉంది. అక్కడ తన పేటలో నడిచే సాయంత్రపు డాన్సు బడిలో ఫ్లమెంకో నేర్చుకుని వచ్చింది. ఇక్కడ కూడా అలాంటి బడి పెడతాను, వారానికి రెండు సాయంత్రాలు హాలు ఇప్పించమని అడిగింది. ఆయన ఊ అనలేదు, ఊహూ అనలేదు, కూర్చోమన్నాడు. ఆ తర్వాత వాళ్ళింటి అరుగు మీద జరిగింది ఇది. నేను పక్కింటివాణ్ణి. ఛాయ్ కోసం వెళ్ళి ఇరుక్కుపోయాను. నోరూరుకోక నడుమ నడుమ వేలు పెట్టాను కూడా.

మామయ్య: ముందు ఆ ఆటేందో చెప్పు. టీవీల చూసిన ఒకసారి. ఎర్ర గౌను, మేకుల బూట్లు, కొట్లాటకొచ్చిన మొహాలు.

కోడలు: అది కొట్లాట మొహం కాదు మామయ్య, లెక్క మొహం. లోపల పన్నెండు దాకా లెక్కపెట్టుకుంటూ పోతుంటే ఎవరి కనుబొమలైనా ముడిపడతాయి. సొలెయా అని ఒక రకం ఉంది. పన్నెండు మాత్రలు. మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు దగ్గర బరువు పడాలి. అంటే రెండు మూడ్లు, తర్వాత మూడు రెండ్లు. మొదట్లో మాకసలు కాళ్ళు కదపనివ్వలేదు. కుర్చీల్లో గుండ్రంగా కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించారు.

మామయ్య: చప్పట్లకు ఫీజు తీసుకున్నరా?

కోడలు: తీసుకున్నారు. తీసుకోవాల్సిందే కూడా. అరచేతులు గుంట చేసి కొడితే మెత్తటి చప్పుడు వస్తుంది. పాట నడుస్తున్నప్పుడు అదే కొట్టాలి, పాడేవాళ్ళ గొంతు మీద పడకూడదు. మూడు వేళ్ళతో ఎడమ అరచేతిని కొడితే పదును చప్పుడు. అది కాళ్ళు జోరందుకున్నప్పుడు. ఎప్పుడు ఏది కొట్టాలో తెలియని మనిషిని నేల మీదికి రానివ్వరు. తర్వాత కాళ్ళు. మడమ ఒక దెబ్బ, పాదం ముందు భాగం ఒక దెబ్బ, పాదమంతా ఒక దెబ్బ, వెనక నుంచి బొటనవేలి కొసతో ఒక దెబ్బ. బూటు ముందూ వెనకా చిన్న మేకులు దట్టంగా కొట్టి ఉంటాయి. ఏ దెబ్బ ఏదో చెవికి విడిగా తెలియాలి.

మామయ్య: దప్పు మీద సిర్ర ఒకటి మాట్లాడ్తది, సిటికెన పుల్ల ఒకటి మాట్లాడ్తది. రెంటినీ కలిపేస్తే వాడు కొట్టడం రానోడని లెక్క. సరే, అర్థమైంది. ఇంతకీ పాట ముందా, ఆట ముందా?

కోడలు: పాటే ముందు. గిటారు, ఆట తర్వాత చేరాయంటారు. కానీ నేల మీద నిలబడ్డాక ఆడేదే మేస్త్రి. నేను ఒక అడుగు గట్టిగా వేసి ఆపానంటే పాడే ఆయనకి అది పిలుపు, అందుకోవాలి. ఇంకోలా వేస్తే ముగింపు, ఆపాలి. ముందు అనుకున్నదేమీ ఉండదు. కళ్ళతో, మడమలతో మాట్లాడుకుంటూ నడిపించడమే. క్యాసెట్టు పెట్టుకుని ఆడే ఆట కాదిది.

మామయ్య: గిటారాయన్ని కూడా ఇల్లందు రప్పిస్తవా?

ఇక్కడ ఆమె కొంచెం తగ్గింది. గిటారు రికార్డింగు మీదే మొదలుపెట్టాలని ఒప్పుకుంది. ఆయన దాన్ని వదల్లేదు, తర్వాత కూడా రెండుసార్లు ఎత్తాడు. ఆ పునరుక్తి నేను రాయడం లేదు.

మామయ్య: నాకు తెలవక అడుగుత. స్పెయినోళ్ళ ఆట ఈ బొగ్గుట్టల ఎందుకు? ఇటు గుండాల దాకా పోతే కోయగూడేలు. అడవిదున్న కొమ్ములు నెత్తిన కట్టుకుని డోళ్ళు కొట్టుకుంట ఆడ్తరు. ఇటు పక్క ఏ తండాకు పోయినా తీజ్ పండుగల గోధుమ మొలకల బుట్టల చుట్టూ పిల్లలు తొమ్మిది రోజులు ఆడ్తరు. ఇంట్ల అన్నం ఉడుకుతుంటే నువ్వు సముద్రం దాటి పార్సిల్ తెస్తనంటున్నవు.

కోడలు: స్పెయిన్‌లో లా ఊనియోన్ అని ఒక ఊరుంది, ముర్సియాలో, సముద్రం పక్కన. సీసం, వెండి, జింకు తవ్విన ఊరు. అల్మెరియా నుంచి, మిగతా అండలూసియా నుంచి పొట్ట చేతబట్టుకుని జనం అక్కడికి వచ్చారు. మన ఊరికి ఎట్లా వచ్చారో అట్లాగే. వాళ్ళ పాటలే తరాంతలు, మినేరాలు, కార్తహేనేరాలు. కూలిన గుంటలు, పోయిన అన్నదమ్ములు, చాలని కూలి, చీకటి. ఫ్లమెంకోలో వాటిని గని పాటలనే పిలుస్తారు. 1961 నుంచి ఆ ఊళ్ళో ఏటా గని పాటల పండుగ చేస్తున్నారు. గెలిచినవాళ్ళకి ఇచ్చే పెద్ద బహుమతి ఏంటో తెలుసా? గని దీపం.

మామయ్య: దీపమా?

కోడలు: మీరు లోపలికి దిగేముందు దీపాల గదిలో సంతకం పెట్టి తీసుకునేవారే, అట్లాంటి గనికార్మికుడి దీపం. ఆ పేరుతోనే బహుమతి.

ఆయన కాసేపు మాట్లాడలేదు. బీడీ వెతుక్కున్నాడు, డాక్టరు మానేయమన్న సంగతి గుర్తొచ్చినట్టుంది, చేయి వెనక్కి తీసుకున్నాడు. ఇల్లందు పాఠకులకి చెప్పక్కర్లేదు గానీ, బయటివాళ్ళ కోసం: 1870ల మొదట్లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతంలో బొగ్గు చూశాడు. 1889లో తవ్వకం మొదలైంది. పక్కనున్న సింగరేణి గ్రామం పేరే 1920లో కంపెనీ పేరైంది. కొత్తగూడెం, రామగుండం, భూపాలపల్లి అన్నీ తర్వాతివే. దక్షిణాదిన బొగ్గు అనే మాట కడుపు నింపడం మొదలైంది ఇక్కడే.

మామయ్య: ఆ పాటలు ఎట్లుంటయి? ఏం దరువు?

కోడలు: దరువు ఉండదు. తరాంత తాళం లేని పాట. పాడే మనిషి ఊపిరి ఎంత ఉంటే అంత సాగుతుంది, గిటారు ఆగి ఆగి వెంట నడుస్తుంది.

మామయ్య: అది నిజమైన పాటే. బాయిల దరువుతోని పాడరు. దరువు వినడానికి వేరే ఉంటది. డ్యూటీ ఎక్కంగనే సర్దార్ కర్ర పట్టుకుని పైకప్పును తట్టుకుంట పోయేటోడు. గట్టి రాయైతే ఖంగుమంటది. పొర విడిచిందైతే డొల్ల చప్పుడు. ఆ డొల్ల మా అందరి చెవులకు తెలుసు. మా బతుకు ఆ తేడా మీద ఉండె. నువ్వు ఆ మేకుల బూటు దెబ్బల గురించి చెప్తుంటే నాకదే యాదికొచ్చింది, నిజం చెప్పాల్నంటే. సరే, తాళం లేని పాటకు ఆటెట్ల ఆడ్తరు?

కోడలు: ఆడేవాళ్ళు కాదు. అది వినే పాటే. 1940లలో కార్మెన్ అమాయా దాని కింద రెండు మాత్రల నడక పెట్టి ఆడిందంటారు. ఆడే రకాన్ని తరాంతో అంటారు. ఆ బడిలో నేను చివరగా నేర్చుకున్నది అదే. ఇల్లందులో పెడతానన్న పిచ్చి పుట్టింది కూడా అప్పుడే.

మామయ్య: ఆ అమ్మ బాయిల దిగిందా?

కోడలు: లేదు. బార్సిలోనా సముద్రపు ఒడ్డున సొమొర్రోస్త్రో అని ఒక గుడిసెల వాడ ఉండేది. జిప్సీ పిల్ల. వాళ్ళ నాన్న గిటారు వాయిస్తుంటే చిన్నప్పుడే తాగుడు కొట్లలో ఆడి డబ్బులేరుకుంది. మగవాళ్ళ ప్యాంటు వేసుకుని, ఆ కాలంలో మగవాళ్ళవనుకున్న కాలి దెబ్బల్ని మగవాళ్ళకంటే వేగంగా కొట్టింది. 1963లో పోయింది. గనితో ఆమెకి ఏ సంబంధమూ లేదు.

మామయ్య: మరి బడికి పోయిందా?

కోడలు: పోలేదు.

మామయ్య: నీ నోటితోనే ఒప్పుకున్నవు. అన్నిటికంటే పెద్ద ఆటగత్తె బడి మొహం చూడలే. ఆట బడిల ఉండదు బిడ్డా. వాడల ఉంటది. బడి అనేది ఆట చచ్చినంక ఫొటో తగిలించే గోడ.

కోడలు: మీరు దళంలో ఆడింది ఎక్కడ నేర్చుకున్నారు?

మామయ్య: శిబిరంల.

కోడలు: శిబిరంలో ఏం చేసేవారు?

మామయ్య: పొద్దుగాల ఉపన్యాసాలు. సాయంత్రం అడుగులు. ముందు నిలబడి ఒకరు వేసేటోళ్ళు, వరసగా మేమేసేది. తప్పితే మళ్ళ మొదటి నుంచి.

కోడలు: అద్దం ఒక్కటే తక్కువ. దాన్ని బడి అనరా మామయ్య?

మామయ్య: అనరు. మాకు అడుగు ఎందుకు వేస్తున్నమో తెలుసు. కూలి పెరగాలె, పోడు భూమి మీద కేసులు పోవాలె. నీ బడికొచ్చే ఇంజనీరు గారి అమ్మాయికి ఏం తెలుసు?

కోడలు: ప్రజానాట్యమండలి 1943లో పుట్టినప్పటి నుంచి చేసిందేంటి? జంగాల కథల్ని, వీథి భాగోతాల్ని తీసుకుని మాటలు మార్చి వేలమందికి నేర్పింది. షేక్ నాజర్ బుర్రకథ చెబితే ఆంధ్రదేశం ఊగింది. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన ఆ కథలు చెప్పే కులంలో పుట్టాడా? దూదేకుల సాయిబుల ఇంట్లో పుట్టి నేర్చుకున్నాడు. నేర్చుకోవచ్చు కాబట్టే నేర్చుకున్నాడు. ఎవరి ఆట వాళ్ళే ఆడాలంటే నాజర్ లేడు.

మామయ్య: నాజర్‌ను నీ బూట్లతోని కలపకు.

కోడలు: ఇంకొకర్ని కలుపుతాను, మీకు నచ్చేవాణ్ణి. అంతోనియో గాదెస్. ఫ్లమెంకోని ప్రపంచమంతా నాటకంలా చూపించినవాడు. 1981లో ‘నెత్తుటి పెళ్ళి’ సినిమాలో ఆడింది ఆయనే. జిప్సీ కాదు. పేదింటివాడు, చిన్నప్పుడే బడి మానేసి పనికిపోయాడు. ఆట నేర్చుకునే నేర్చుకున్నాడు. కమ్యూనిస్టు. 2004లో పోతే చితాభస్మం క్యూబాలో, అక్కడి విప్లవకారుల సమాధుల దగ్గర ఉంచారు.

మామయ్య: (నా వైపు చూసి) ఇది కావాలని తెచ్చింది చూడు.

తెచ్చిందనే నేనూ అనుకున్నాను. కానీ ఆయన తగ్గలేదు. అసలు సరుకు అప్పుడు బయటికి తీశాడు. ఈ వాదనలో నాకు అన్నిటికంటే బరువుగా తోచిన భాగం ఇదే కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మామయ్య: నేర్చుకోవద్దని నేననలే. నేర్చుకున్నోళ్ళు వచ్చినంక అసలోళ్ళు ఏమైండ్రనేది నా బాధ. కూచిపూడి తీసుకో. ఊళ్ళె కొన్ని బ్రాహ్మల ఇండ్లల్ల మగోళ్ళు ఆడేది. వెంపటి చినసత్యం మద్రాసుల 1963ల అకాడమీ పెట్టిండు, ఆడపిల్లలు నేర్చిండ్రు, దేశం మీదికి పోయింది. మంచిదే. ఆ మగోళ్ళకు పొలాలున్నయి, చదువులున్నయి, బతికిండ్రు. మరి కలావంతుల సంగతి? గుళ్ళల్ల, కచేరీల్ల తరతరాలు ఆడింది వాళ్ళు. 1947ల మద్రాసుల చట్టం చేసిండ్రు. దేవదాసీ తీసేయాల్సిందే, అందుల తప్పు లేదు. కానీ ఆ తర్వాత ఏమైంది? వాళ్ళు ఆడితే పరువు తక్కువ, వాళ్ళ దగ్గర తీసుకుని మంచింటి పిల్లలు ఆడితే కళ. ఆట బడికొచ్చింది, ఆటగత్తెను గేటు బయట నిలబెట్టింది. మీ స్పెయిన్‌ల అట్లా జరగలేదా? నిజం చెప్పు.

కోడలు: (కాసేపాగి) జరిగింది. సెవిల్‌లో త్రియానా అని నది అవతలి పేట. కుమ్మర్లు, కమ్మర్లు, జిప్సీలు ఒకే వసారాల చుట్టూ ఉండేవాళ్ళు. ఫ్లమెంకోలో సగం అక్కడిదే. 1950ల నుంచి 70ల దాకా ఇళ్ళు పాతబడ్డాయని, స్థలం ధర పెరిగిందని వాళ్ళని ఖాళీ చేయించారు. ఊరి దక్షిణపు కొసన మూడు వేల ఇళ్ళ కాలనీ అని కట్టి అక్కడ పడేశారు. ఇప్పుడది స్పెయిన్‌లో బీదరికానికి పేరుపడ్డ చోటు. త్రియానాలో మాత్రం టూరిస్టులకి గంట లెక్కన డాన్సు పాఠాలు చెబుతున్నారు. అక్కడి నియంత ఫ్రాంకో అదే కాలంలో పోస్టర్లేసి ప్రపంచాన్ని పిలిచాడు, ఫ్లమెంకో చూడ్డానికి రండని.

మామయ్య: ఆ...

కోడలు: అంతకుముందు మాత్రం బాగా చూశారా? 1499లో ఇళ్ళు చూసుకుని స్థిరపడండి లేకపోతే దేశం వదలండని చట్టం. 1749 జూలైలో ఒకే రాత్రి దేశమంతా జిప్సీలను పట్టుకుని మగవాళ్ళని ఓడల పనికీ, ఆడవాళ్ళని జైళ్ళకీ తోలారు. మన దగ్గర 1871 నాటి నేరస్థ జాతుల చట్టం సుగాలీల మెడకి కూడా చుట్టుకుంది కదా, 1952 దాకా. అట్లాంటిదే.

నేను అప్పుడు కలగజేసుకున్నాను. జిప్సీలు మన దేశం నుంచి పోయినవాళ్ళే కదా, భాష చూసి పండితులు తేల్చారు కదా, లంబాడీలకూ వాళ్ళకూ చుట్టరికం అంటారు కదా, ఇక పరాయి ఆటేమిటి, మన ఇంటి ఆటే తిరిగొచ్చిందనుకోవచ్చు కదా అన్నాను. తెలివిగా మాట్లాడాననుకున్నాను. ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు.

కోడలు: అదొక్కటి అనకండి బాబాయ్. వాయవ్య భారతం నుంచి వెళ్ళారన్నది నిజమే, వెయ్యేళ్ళయింది. 1425లో స్పెయిన్ గడప తొక్కేసరికి ఎన్ని దేశాల నీళ్ళు తాగారో. ఫ్లమెంకో అక్కడ పుట్టింది. అండలూసియా పల్లెపాట, అరబ్బుల గాలి, యూదుల గాలి, క్యూబా రేవు నుంచి వచ్చిన నడకలు, అన్నిట్నీ జిప్సీలు మరిగించారు. మనదని మీసం తిప్పడానికి మనం అందులో పోసిందేమీ లేదు. అదీగాక, మనవాళ్ళదైతేనే నేర్చుకుంటామనడం నాకు నచ్చదు.

మామయ్య: రాజస్థానోడు అక్కడ గొప్పోడైతే మనోడు. ఇక్కడ తండాల ఉన్నోడు పట్టా అడిగితే మాత్రం పరాయోడు.

నేను ఛాయ్ మీద దృష్టి పెట్టాను.

కోడలు: మామయ్య, మీరు చెప్పింది కాదనను. కానీ బడిని మూసేస్తే ఆ అన్యాయం ఆగుతుందా? 1922లో గ్రనాడాలో ఫాయా అనే సంగీతకారుడు, కవి లోర్కా కలిసి అల్‌హంబ్రా కోటలో ఒక పోటీ పెట్టారు. అసలైన పాట చచ్చిపోతోంది, తాగుడు కొట్లలో డబ్బుకి పాడేవాళ్ళు పాడుచేస్తున్నారు, పల్లెల్లో దాక్కున్న స్వచ్ఛమైన గొంతుల్ని బయటికి తేవాలని వాళ్ళ తపన. ఇరవై ఒకటి దాటిన వృత్తి గాయకులు రాకూడదని షరతు. ఎవరు దొరికారు? ఒక ముసలాయన, ఎల్ తెనాసాస్, ఆయన కూడా కుర్రతనంలో పాటతో బతికినవాడేనంటారు. ఇంకొకడు పన్నెండేళ్ళు దాటీ దాటని పిల్లాడు మనోలో కరకోల్, తరతరాల పాటగాళ్ళ ఇంట్లోవాడు. స్వచ్ఛమైన పల్లె ఎక్కడా దొరకలేదు. వాళ్ళు ఈసడించుకున్న ఆ కొట్లే, టికెట్టు కొనుక్కొచ్చిన జనమే, డబ్బు పుచ్చుకుని పాడిన ఆ జిప్సీలే పాటని అప్పటిదాకా మోసుకొచ్చారు. కాపాడతాం, ముట్టుకోకండి అన్నవాళ్ళ వల్ల ఏ ఆటా బతకలేదు. డబ్బిచ్చి నేర్చుకున్నవాళ్ళ వల్ల బతికింది.

మామయ్య: డబ్బు ఎవరికిచ్చి? అదే గదా నేనడిగేది!

కోడలు: అది వేరే ప్రశ్న.

మామయ్య: అదే ప్రశ్న.

ఇక్కడ వాదన నిజంగా ఒక రాయికి తగిలింది. ఆమె చెప్పింది ఆట బతకడం గురించి, ఆయన అడుగుతోంది ఆడేవాళ్ళు బతకడం గురించి. ఫ్లమెంకో కథలో మొదటిది జరిగింది, 2010లో యునెస్కో జాబితాకి కూడా ఎక్కింది. రెండోది జరిగిందని నేను చెప్పలేను.

కోడలు: నేర్చుకునేవాళ్ళ వైపు నుంచి కూడా చూడండి. మా బడిలో ఆఫీసులు ఊడ్చే ఆవిడ ఉండేది. బస్సు నడిపి రిటైరైన ఆయన ఉండేవాడు. అరవై దాటిన ఒకామె మోకాలి పట్టీ వేసుకొచ్చేది. ఎవరూ అరంగేట్రం అడగలేదు. ఆటలో వయసుకి గౌరవం. పండుగ చివర గుండ్రంగా నిలబడి ముసలమ్మలు ఒక్కొక్కరూ నాలుగు అడుగులేస్తే, పెద్ద డాన్సర్లు పక్కన నిలబడి చప్పట్లు కొడతారు. ఇక్కడ మన పిల్లకి ఏడో ఏట గజ్జెలు కడతాం, పదోతరగతి రాగానే విప్పేస్తాం. పెళ్ళయిన మనిషి ఆడతానంటే ఏమన్నా అయిందా అని చూస్తాం. ఈ కాలనీలో నర్సులున్నారు, అంగన్‌వాడీ టీచర్లున్నారు, బాయిలో మొగుడు పోతే ఉద్యోగంలో చేరినవాళ్ళున్నారు. వాళ్ళెక్కడ ఆడాలి?

మామయ్య: బతుకమ్మ లేదా? ఆ చప్పట్లకు ఫీజు కూడా లేదు.

కోడలు: తొమ్మిది రోజులు. మిగిలిన మూడు వందల యాభై ఆరు?

మామయ్య: గూడెంల ముసలమ్మలూ ఆడ్తరు, తండాలనూ ఆడ్తరు. మీ కాలనీలనే ఆడరు. రోగం కాలనీది, మందు స్పెయిన్ నుంచి.

కోడలు: రోగం కాలనీదని మీరే అన్నారుగా. గూడెంకి పోయి వాళ్ళ భూమి పండుగలో నేను నడుం పట్టుకుని ఆడితే మీరేమంటారు? సెల్ఫీ దిగడానికొచ్చిందంటారు. వాళ్ళ దేవతల ఆట అది. నేను రాగానే అది ప్రదర్శన అయిపోతుంది. ఫ్లమెంకో డబ్బుకి అమ్మడానికి, కొనడానికి ఎప్పుడో సిద్ధపడ్డ ఆట. నూట యాభై ఏళ్ళుగా వీధిలో నిలబడి రమ్మంటోంది. దాన్ని నేర్చుకుంటే ఎవరి గుడిలోకీ చెప్పులతో పోయినట్టు కాదు. దూరపుది కాబట్టే నాకు ధైర్యం.

మామయ్య: ఈ మాట బాగుంది. కానీ సగమే. నువ్వు వాళ్ళ పండుగకు పోవద్దు, సరే. వాళ్ళు నీ హాలుకు రావద్దా? మణుగూరు దగ్గర కూనవరంల సకిని రామచంద్రయ్య అని డోలి కథకుడు ఉండె. కోయ ఇంటిపేర్ల కథలు, సమ్మక్క సారలమ్మ కథ రాత్రిళ్ళు రాత్రిళ్ళు పాడేటోడు. బడి మొహం తెల్వదు. 2022ల పద్మశ్రీ ఇచ్చిండ్రు, ఢిల్లీ పోయొచ్చిండు. 2024ల పోయిండు. ఆయన బతికుండంగ ఈ ఇల్లందుల ఏ డాన్సు బడైనా ఆయన్ను కూసోబెట్టి, ఇదిగో మాస్టారు ఈ నెల జీతమని ఇచ్చిందా? నటరాజ రామకృష్ణ ఒక్కడు కలావంతుల ఇండ్లకు పోయి వాళ్ళనే గురువులను చేసుకున్నడు. ఆంధ్రనాట్యం అట్ల నిలబడ్డది. అది బడంటే.

కోడలు: పేరిణి నాట్యాన్ని కూడా ఆయనే లేపాడు. జాయప రాసిన పుస్తకం, రామప్ప గుడి బొమ్మలు తప్ప ఆడే మనిషే మిగల్లేదు అప్పటికి.

మామయ్య: మనుషులున్నప్పుడే పట్టుకోవాలంటున్న. రాతిబొమ్మలైనంక కాదు.

నేను ఊరుకోలేక జపాన్ సంగతి చెప్పాను. 1929లో టోక్యోలో అంతోనియా మెర్సే అనే స్పానిష్ నర్తకి ఆడితే, వెనక వరసలో చూసిన కజువో ఓనో అనే కుర్రాడు ఆ ఆటని మరిచిపోలేక, డెబ్బై దాటాక 1977లో ఆమె పేరు మీదే ఒక నృత్యం చేశాడు. అది ఫ్లమెంకో కాదు, అచ్చం జపాన్‌దే. దూరపు ఆట చూసి తన ఆట తవ్వుకున్నాడు. ఈ అమ్మాయి బడిలోంచి అట్లాంటిది రావచ్చు కదా అన్నాను. మామయ్య ఆలోచించి, వస్తే రావచ్చు, దానికి హాలు కిరాయి ఎందుకు, వెనక వరసలో కూర్చుంటే చాలు అన్నాడు.

కోడలు: సరే మామయ్య. సూటిగా చెప్పండి. ఇస్తారా, ఇవ్వరా?

మామయ్య: నేల సంగతి ముందు చెప్పు. సిమెంటు మీద మేకుల బూట్లు కొడితే పగుళ్ళు రావా?

కోడలు: సిమెంటు కంటే ముందు మా మోకాళ్ళు పగులుతాయి. చెక్క కావాలి, కింద కాస్త ఖాళీ ఉండాలి. అడ్డపట్టీల మీద మందపాటి ప్లైవుడ్ బిగిస్తాను. విప్పేసి మూలకి పెట్టుకోవచ్చు.

మామయ్య: టింబర్‌మన్ పని చేసినోళ్ళు సంఘంల ఇంకా ఉన్నరు. కొండకింద కప్పును నిలబెట్టినోళ్ళకు నీ పలక లెక్క గాదు. అది ఉచితం. ఇక షరతు విను. వారానికి రెండు సాయంత్రాలన్నవు. ఒకటి నీది. రెండోది డోలు కొట్టేటోళ్ళదో, తీజ్ పాటలొచ్చిన తండా అమ్మదో. దేవుడి ఆట నేర్పమని అడగం. ఏది నేర్పొచ్చో, ఏది నేర్పకూడదో వాళ్ళే చెప్తరు. దరువు నేర్పితే దరువు. నీ ఫ్లమెంకో పిల్లలు ఆ సాయంత్రం కూడా రావాలె, కుర్చీల్ల కూసోని చప్పట్లు కొట్టాలె. గంటకు నీకెంతో వాళ్ళకంతే.

కోడలు: నాకెంతొస్తుందో నాకే తెలీదు మామయ్య. పదిమంది చేరతారో లేదో. అందులో సగం ఫీజు ఇవ్వలేనివాళ్ళు.

మామయ్య: ఓపెన్‌కాస్ట్ ఆఫీసర్ల ఇండ్ల నుంచి వచ్చేటోళ్ళకు ఎక్కువ పెట్టు.

కోడలు: ఎక్కువ పెడితే వాళ్ళు రారు. రాకపోతే డోలాయనకి బస్సు చార్జీ కూడా మిగలదు.

మామయ్య: అయితే లెక్క రాసుకుని రా. ఎంతమంది, ఎంత ఫీజు, పలకకు ఎంత, డోలాయనకు ఎంత. కాగితం మీద రాయి, నోటి లెక్క సంఘంల నడవదు. ఆదివారం మీటింగ్ ఉంది.

కోడలు: ఆదివారం లోపల అంటే కష్టం.

మామయ్య: పన్నెండు లెక్కపెడతనన్నవు గదా. దీనికేమైంది?